కుర్దుల కొండల్లో బతికి వచ్చిన మా మామ

మా మామ పోయిన కబురు నాకు తిరుత్తణి బడిలో ఉండగా వచ్చింది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. మా మరిది సైకిలు వాకిట్లో పడేసి తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. "వదినా, నాయిన పోయినాడు" అన్నాడు. "అన్న ఎండలో కూచోబెట్టి గంజి తెచ్చేదానికి లోపలికి పొయినాడు. వచ్చి చూస్తే తల వాల్చేసి ఉండాడు." పిల్లలు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశారు. పలకలు సర్దుకొమ్మని చెప్పి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి సైకిలు వెనక కూర్చున్నాను. అలాగే మా ఊరు కే.జీ.కండిగై చేరాను.

మీలో ఆయన్ను ఎరిగినవాళ్ళు ఉండరు. బావి కింద కొంత వరి, మెట్టలో వేరుసెనగ వేసుకుని బతికిన రైతు. ఊళ్ళో ఆయన్ను బస్రా పెద్దాయన అనేవారు. ఆ పేరంటే ఆయనకు చిరాకు. "బస్రా ఉట్టి రేవప్పా, ఓడ దిగినా, అంతే. నేనుండింది కుర్దుల కొండల్లో" అనేవారు. ఎవరూ పట్టించుకునేవారు కాదు. కుర్దులంటే ఎవరో మా ఊళ్ళో ఎవరికి తెలుసు? కాపురానికి వచ్చేదాకా నాకూ తెలియదు.

ఆయన మెత్తని మనిషి కారు. చనిపోయారు కదా అని అబద్ధం రాయలేను. కోపం వస్తే చెయ్యి ముందు లేచేది. కొడుకులిద్దరూ పెద్దవాళ్ళయ్యేదాకా ఆయన తోలు బెల్టు దెబ్బలు తిన్నవాళ్ళే. ఎడమ తొడలో తూటా దిగిన చోట అరచేతి లోతున గుంట ఉండేది. ఆ కాలు చాపుకునే కూర్చునేవారు, అన్నం తినేటప్పుడు వాకిలికి ఎదురుగానే కూర్చునేవారు. వచ్చేవాళ్ళెవరో ముందుగా తనకే కనపడాలి.

నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం కళ్ళంలో కాయలు ఎండబోస్తున్నాను. ఆకాశంలో విమానం మోత వినిపించింది. మదరాసులో మీనంబాక్కం విమానాశ్రయానికి పోయేవి అప్పుడప్పుడూ మా మీదుగా పోతుంటాయి. నేను తలెత్తి చూసేలోగా ఆయన పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకుని బరబరా ఈడ్చి బావి గోడ వెనక పడేశారు. మోచేయి దోక్కుపోయి నెత్తురొచ్చింది. మోత దూరమయ్యాక చెయ్యి వదిలి, నా మోచేతి వైపు చూసి, చేను వైపు వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చి తిన్నె మీద కూర్చుని, "అమ్మణ్ణీ, ఇట్ల రామ్మా, ఒక మాట చెప్పల్ల" అన్నారు. కుర్దుల సంగతి నేను మొదట విన్నది ఆ రోజే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన మదరాసు నుంచి పోయిన పటాలంలో చేరారు. బాటలు, వంతెనలు వేసే దళం. బస్రా, బాగ్దాదు, మోసుల్. యుద్ధం ముగిసిందన్నారు, కొందరిని ఇంటికి పంపేశారు. ఈయన దళాన్ని మాత్రం ఇంకా ఉత్తరానికి, కొండల్లోకి తోలారు. అక్కడ ఉండేవాళ్ళు అరబ్బులు కారు, తుర్కీవాళ్ళు కారు, పారశీకులూ కారు. వాళ్ళ భాష వేరు. మట్టి మిద్దెలు కొండ వాలున మెట్ల వరసగా కట్టుకుంటారు, కింది ఇంటి మిద్దె పై ఇంటికి వాకిలి. అక్రోటు చెట్లు, పట్టుపురుగులు మేసే కంబళి చెట్లు, పొగాకు మళ్ళు. ఎండాకాలం రాగానే గొర్రెల్నీ మేకల్నీ తోలుకుని పై కొండల్లో పచ్చిక ఉన్న చోటికి పోయి నల్ల గుడారాలు వేస్తారు, మంచు పడేలోగా కిందికి దిగుతారు. వసంతంలో కొత్త సంవత్సరానికి కొండ కొండ మీదా మంటలు వేస్తారు. "మన మాదిరే మజ్జిగలో ఉప్పేసుకుని తాగుతారమ్మా" అని ఆయన ఆశ్చర్యంగా చెప్పేవారు. అంత దూరంలో మజ్జిగ తాగే మనుషులు ఉండటం ఆయనకు ఎప్పటికీ వింతే.

ఆ కొండల్ని ఎన్నో వందల ఏళ్ళ కిందటే అటు తుర్కీ సుల్తాను, ఇటు ఇరాన్ షా పంచుకున్నారు. అయినా లోపల వాళ్ళ దొరలు వాళ్ళకుండేవారు, గొర్రెలు ఇటూ అటూ నడిచేవి. యుద్ధంలో సుల్తాను ఓడిపోయాక గెలిచిన తెల్లదొరలు కుర్దులకు ఒక దేశం ఇస్తామని ఒప్పందంలో రాశారు. కొన్నాళ్ళకే ఇంకో ఒప్పందం రాసుకున్నారు, అందులో ఆ మాటే లేదు. ఇరాన్ ముక్క ఇరాన్ దగ్గరే ఉంది, మిగిలింది తుర్కీకి, ఇరాక్‌కు, సిరియాకు పోయింది. ఇవన్నీ మామ అప్పుడే తెలుసుకున్నవి కావు. కొన్ని అక్కడ విన్నారు, కొన్ని తర్వాత ఊళ్ళో పేపరు చదివేవాళ్ళ వెంట పడి చెప్పించుకున్నారు. నా పెళ్ళికి కొన్నేళ్ళ ముందు ఇరాన్ వైపు కుర్దులు చిన్న రాజ్యం ఒకటి పెట్టుకుంటే అది ఏడాదైనా నిలవలేదు. దాని పెద్దను ఆ ఊరి నడివీధి కూడలిలోనే ఉరి తీశారు. ఆ వార్త విన్న నాడు ఈయన అన్నం ముట్టలేదని మా మరిది చెప్పాడు.

ఒకసారి బడి నుంచి అట్లాసు తెచ్చి చూపించాను. అక్షరాలు రావు కాని రెండు నదుల్ని పట్టుకుని మోసుల్ చోటును వేలితో కనుక్కున్నారు. దానికి పైన అరచెయ్యి పరిచి, "ఇదంతా వాళ్ళదే" అన్నారు. ఆ చేతి కింద నాలుగు దేశాల రంగులున్నాయి. వాళ్ళ పేరు మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. "ఈ రంగులు ఎవురు పూసినారమ్మణ్ణీ?" అని అడిగారు. నేను బడిపంతులమ్మను. అట్లాసు మూసి మర్నాడు బడిలో తిరిగి పెట్టేశాను.

ఆయనకు తూటా తగిలింది ఒక ఇరుకు లోయలో. దళం బండలు పేల్చి బాట వేస్తోంది. వాళ్ళ కొండల్లోకి ఫిరంగులు రావడానికే ఆ బాట అని కుర్దులకు తెలుసు. పైనుంచి తుపాకులు పేలాయి. సమ్మెట పట్టుకున్నవాడు సమ్మెటతోనే కూలిపోయాడు. ఆర్కాడు వైపు నుంచి వచ్చిన ఇద్దరు మామ పక్కనే, ఒకరి మీద ఒకరు పడి చచ్చిపోయారు. మామ తొడ పగిలి వాగులోకి దొర్లారు. మిగిలినవాళ్ళు వెనక్కి పరుగెత్తారు. కాసేపటికి కొండ దిగి వచ్చిన కుర్రవాళ్ళు పడి ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ కటారితో పొడుచుకుంటూ వస్తున్నారు. మామ ఆ అరుపులు వింటూ పడి ఉన్నారు. అప్పుడు మేకలకు ఆకు కొట్టడానికి వచ్చిన ఒక ముసలామె వాగులోకి దిగి, తల మీది గుడ్డ తీసి ఆయన మీద వేసింది. ఆడది తలగుడ్డ వేస్తే అక్కడ కత్తి ఆగాలి, అది వాళ్ళలో కట్టుబాటు. కుర్రవాళ్ళు ఆమెను తిట్టారు, ఒకడు ఆమె భుజం పట్టి లాగాడు. ఆమె ఒట్టి తలతో ఆయన మీద అడ్డంగా కూర్చుంది. వాళ్ళు ఉమ్మేసి వెళ్ళిపోయారు.

ఆమె ఇంట్లో ఆయన గాయం మానేదాకా ఉన్నారు. ఆ ఊళ్ళో కంచరగాడిదలు తోలే ఒకతనికి పటాలంలో పని చేసినందువల్ల కాస్త హిందుస్తానీ వచ్చు. అతని ద్వారానే మాటలు. ఆమె మొగుణ్ణి సుల్తాను సైన్యం పట్టుకుపోయింది, తిరిగి రాలేదు. పెద్దకొడుకు తెల్లవాళ్ళ మీద తిరగబడిన వాళ్ళతో కొండల్లో ఉన్నాడు. చిన్నకొడుకు గొర్రెలు కాస్తుండగా విమానం బాంబు వేసింది. ఆమె ఆ సంగతి చెప్పి, రొట్టె తుంచి ఈయన చేతిలో పెట్టింది. "మరి నన్నెందుకు కాపాడినావు అని అడిగించినా" అని చెప్పేవారు మామ. "ఆమెకు ఆ మాటే అర్థం కాలా. కింద పడి ఉండాడు గదా అనె." అక్కడితో ఆపేసేవారు. ఆ తర్వాత మళ్ళీ పటాలంలోకి ఎట్లా వచ్చారని అడిగితే లేచి ఎద్దుల దగ్గరికి పోయేవారు. ఏళ్ళ తరబడి నేను విన్నది అంతవరకే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మా వైపు ఎల్లై గొడవ మొదలైంది. ఎల్లై అంటే సరిహద్దు. తిరుత్తణి ఆంధ్రలో ఉండాలా, మదరాసులో కలవాలా అని రెండు వైపులా సభలు, ఊరేగింపులు. బోర్డుల మీద తారు పూశారు, రైళ్ళు ఆపారు. మా ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, ఇదేమీ ఎవరికీ కష్టంగా ఉండేది కాదు. ఒక్కసారిగా నువ్వు ఎవరివి అని అడగడం మొదలుపెట్టారు. మా ఇంటాయన తెలుగు వైపు కర్ర పట్టి తిరిగారు. మామ వద్దనలేదు. "నోటితో అరచండి. కర్ర ఇంట్లో పెట్టి పో" అన్నారు ఒకసారి. ఆయన కర్ర పెట్టి పోలేదు.

సంత రోజున తిరుత్తణి స్టేషను వీధిలో రెండు గుంపులు కలబడ్డాయి. బియ్యం మిల్లులో పని చేసే మా మరిదికి ఈ గొడవలతో ఏ సంబంధమూ లేదు. పని దిగి ఇంటికి వస్తున్నాడు. ఎదురుగా వచ్చిన రాయి కుడి కంట్లో తగిలింది. మదరాసు ఆసుపత్రిలో ఆ కన్ను తీసేశారు. రాయి వేసినవాణ్ణి చూసినవాళ్ళున్నారు. తిరువళ్ళూరులో నూలు కొట్టు గుమాస్తా, ఊరేగింపుకని వచ్చినవాడు. మా ఇంటాయన ఆ రోజు నుంచి వాడి కోసం కాచుకుని ఉన్నారు.

మరిది కంటికి కట్టు ఇంకా విప్పలేదు. నేను నిండు నెలలకు దగ్గరవుతున్నాను. ఒక పగటి పూట వసారాలో కాయలు ఒలుస్తుంటే ఒకతను దడి దూకి వాకిట్లో పడ్డాడు. నెత్తి పగిలి చెవి మీదుగా నెత్తురు కారుతోంది, చొక్కా ఒక చెయ్యి చిరిగి వేలాడుతోంది. "కాపాత్తుంగమ్మా" అన్నాడు, కాపాడమని. దూరంగా చేలల్లోంచి కేకలు వస్తున్నాయి. మామ తిన్నె మీద పలుపు పేనుతున్నారు. తలెత్తి అతన్ని చూసి, గాదె ఉన్న గది వైపు చెయ్యి చూపించారు. అతను లోపలికి పాకాడు. మామ పలుపు పక్కన పెట్టి, దూలం మీంచి దుడ్డుకర్ర తీసుకుని గడపలో నిలబడ్డారు.

తిరుత్తణి నుంచి అతన్ని తరుముకుంటూ గుంపు వచ్చింది. అందరికన్నా ముందు మా ఇంటాయన.

"నాయినా, పక్కకు రా. వాడు లోపలుండాడు."

"ఉండాడు."

"వాడెవురో తెలుసునా నీకు? తమ్ముడి కన్ను పోగొట్టినోడు వాడే!"

మామ ముఖంలో అప్పుడు వచ్చిన మార్పు నేను చూశాను. అంతవరకూ ఆయనకు ఆ సంగతి తెలియదు. లోపలి గదిలో మంచం మీద మరిది ఈ మాట విని లేచి కూర్చున్న చప్పుడైంది. అతనికీ ఆ గుమాస్తాకూ మధ్య ఒక తడిక మాత్రమే ఉంది.

"ఇప్పుడు తెలిసింది" అన్నారు మామ. "అయినా లోపలికి రాకూడదు."

ఎవరో రాయి విసిరారు. మామ కనుబొమ మీద తగిలి చర్మం చీలింది. ఒకడు పక్కనుంచి దూరబోతే మామ కర్ర వాడి మోకాలి చిప్ప మీద పడింది. వాడు అరుస్తూ కూలబడ్డాడు. "ముసలాడికి పిచ్చి పట్టింది, తొయ్యండ్రా" అన్నారు వెనకనుంచి. మా ఇంటాయన తండ్రిని రొమ్ము మీద చేయి పెట్టి నెట్టారు. మామ తూలి, ద్వారబంధం పట్టుకుని నిలదొక్కుకుని, రెండు చేతులా కర్ర ఎత్తి కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వసారాలోకి వినిపించింది, ఎండిన చెరుకు విరిచినట్టు. మా ఇంటాయన చెయ్యి మోచేతి కింద తప్పుడు వైపుకి వంగిపోయింది. ఆయన కేక వేయలేదు. తండ్రి ముఖం చూస్తూ మోకాళ్ళ మీద కూలబడ్డారు.

"నా కొడుకు చెయ్యి ఇరిగింది" అన్నారు మామ. కనుబొమ నెత్తురు కంట్లోకి దిగుతుంటే తుడుచుకోవడం లేదు. "ఇంక ఎవురిది ఇరగల్ల?"

ఎవరూ ముందుకు రాలేదు. మా ఇంటాయన్ను ఎత్తుకుని వెళ్ళిపోయారు. దారులన్నీ కాస్తామని, వాణ్ణి ప్రాణంతో పోనివ్వమని అరిచి మరీ వెళ్ళారు. నేను ఎటు పోవాలో తెలియక కాయల చేట పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

అప్పుడు మరిది గోడ పట్టుకుని నడుస్తూ గాదె గదిలోకి వెళ్ళాడు. మామ ఆపలేదు. నేను తలుపు దగ్గరికి పరుగెత్తాను. మరిది ఆ గుమాస్తా దవడ పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పాడు. మరిది చాలాసేపు చూశాడు. "ఆ పొద్దు నీ మొగం సరింగా కనపడలా" అన్నాడు. "ఇప్పుడు చూసుకుంటి." దవడ వదిలేసి వచ్చి మళ్ళీ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కాక మామ బండి కట్టారు. అడుగున గడ్డి పరిచి, దాని కింద ఆ గుమాస్తాను పడుకోబెట్టి, పైన ఇంకా గడ్డి వేశారు. నా దగ్గరికి వచ్చి, "అమ్మణ్ణీ, బండ్లో పైన కూచుంటావా? తిరువళ్ళూరు ఆసుపత్రికి అని చెప్తాము" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ కొడుకు చెయ్యి ఇరిచినారు. ఇంగో కొడుకు కన్ను తీసినోడి కోసరం నన్ను, నా కడుపులో బిడ్డను అడుగుతా ఉండారు. ఎట్ల అడగబుద్ధయింది మామా?"

"అడగకూడదు" అన్నారాయన. "అడుగుతా ఉండా."

ఆయన నన్ను ఏదైనా చెయ్యమని చెప్పడమే కాని అడగడం అంతవరకూ లేదు. నేను ఎందుకు ఎక్కానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఎక్కాను.

ఊరు దాటిన మలుపులోనే నలుగురైదుగురు బండి ఆపారు. అందరూ ఎరిగినవాళ్ళే. "యాడికి పెద్దాయనా?" అన్నాడు ఒకడు. మామ ఎద్దుల పగ్గం బిగపట్టారు. నేను కడుపు పట్టుకుని మూలిగాను. "ఆసుపత్రికన్నా" అన్నాను. వాడు నా ముఖం చూసి సందేహిస్తుండగా ఇంకొకడు వెనక్కి వచ్చి చేతిలో ఉన్న ఇనప చువ్వతో గడ్డిలో పొడిచాడు. ఒకసారి చెక్కకు తగిలింది. రెండోసారి మెత్తగా దిగింది. నా కాళ్ళ కింద గడ్డి ఒక్కసారి బిగుసుకుంది. అతను అరవలేదు. వాడు చువ్వను లాక్కుంటుంటే నెత్తురు కనపడకుండా నేను దాని మొనను చీర కుచ్చిళ్ళలో ఇరికించుకుని, "నన్ను గూడా పొడుస్తావా?" అని ఏడుపు అందుకున్నాను. ఆ ఏడుపు నటన కాదు. ఇంతలో మొదటివాడు కిందికి చూశాడు. బండి పలకల సందుల్లోంచి నెత్తురు చుక్కలు దుమ్ములో పడుతున్నాయి.

"అయ్యయ్యో, ఆయమ్మకు నెత్తురు పోతా ఉండాది" అన్నాడు వాడు. "వదలండ్రా, వదలండి! తొందరగా తోలు పెద్దాయనా."

మామ ఎద్దుల్ని అదిలించారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

జనం లేని చోటికి వచ్చాక గడ్డి తీసి చూస్తే పిక్కలో ఈ పక్కనుంచి ఆ పక్కకు చువ్వ దిగిన గాయం ఉంది. అతను కొరికిన పెదవి చీలిపోయింది. నా చీర చెంగు చింపి కట్టాను. నా చేతులు ఎర్రగా అయిపోయాయి. అప్పుడు మామను గట్టిగా అడిగాను. "ఇప్పుడన్నా చెప్పండి. ఆ ముసలామె ఇంట్లోంచి మీరెట్ల వచ్చినారు?"

ఆయన ముందుకే చూస్తూ, ఎద్దుల్ని తోలుతూనే చెప్పారు. ఆయన కర్ర సాయంతో నడవగలుగుతున్న రోజుల్లో ఒక ఉదయం విమానాలు వచ్చాయి. తిరగబడ్డ ఊళ్ళన్నిటి మీదా బాంబులు వేస్తున్నారు. ముసలామె ఆయన్ను గొర్రెల కొట్టంలోకి తోసి, మిగిలిన మేకల్ని తోలుకు రావడానికి పోయింది. బాంబు మిద్దెల వరసను పైనుంచి కిందిదాకా కూల్చుకుంటూ వచ్చింది. కంచరగాడిదలతను దూలం కింద కాలిపోయాడు. ఆయన పాకుతూ వెళ్ళి మట్టి తవ్వితే ముసలామె దొరికింది. తల లేదు. చేతిని బట్టి గుర్తుపట్టారు, ఆ చేతితో రోజూ రొట్టె పెట్టేది.

"సాయంత్రానికి పెద్దకొడుకు కొండ దిగొచ్చినాడు" అన్నారు మామ. "తల్లిని చూసినాడు. నన్ను చూసినాడు. నేను ఆ విమానాల వాళ్ళ మనిషిని. తుపాకి నా నుదుటికి ఆనించినాడు. నేను కండ్లు మూసుకుంటి. ఇంగా పేలదే! తెరిచి చూస్తే వాడు ఏడుస్తా ఉండాడు. తల్లి తలగుడ్డ ఏసిన మనిషిని, ఎట్ల చంపుతాడు? తల్లిని పూడ్చినాక నన్ను గాడిదెక్కించి, మూడు కొండలు దాటించి, మా క్యాంపు కనపడే కాడికి తెచ్చి దించినాడు. నా కాళ్ళ కాడ ఉమ్మేసి తిరుక్కున్నాడు. నేను చేతులెత్తి మనవాళ్ళను అరుస్తా ఉండా, కొట్టొద్దు కొట్టొద్దని. నా అరుపు ఇని కాపలావాడు తలెత్తినాడు. కొండ మింద కుర్దువాడు కనపడినాడు. ఈపులో కొట్టినాడు. ఒక్కటే తూటా."

ఎద్దుల్ని ఒకసారి అదిలించి మళ్ళీ అందుకున్నారు. "వాడు గాడిద మింద పడి, గాడిదతో పాటే లోయలోకి పోయినాడు. ఆ ఇంట్లో అదే ఆఖరి మొగపురుగు" అన్నారు.

గుమాస్తాకు తెలుగు అర్థమవుతుందని నాకు అప్పుడు తెలిసింది. తిరువళ్ళూరు ఇంకా కొంచెం దూరం ఉందనగా దిగిపోతానన్నాడు. బండి చక్రం పట్టుకుని నిలబడి, "అయ్యా, ఆ అమ్మ పేరేమి?" అని అడిగాడు.

"అడగలా రా" అన్నారు మామ. "అమ్మా అని పిలిస్తి. దానికి పలికేది."

అతను కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు గాని, మామకు గాని ఒక దండం పెట్టలేదు. మా మరిదికి క్షమాపణ చెప్పమని ఒక్క మాటైనా అనలేదు. ఆ తర్వాత మా ఊరి వైపు రాలేదు. అతను ఏమయ్యాడో మాకు తెలియదు. నాకు చాలా రోజులు కోపం ఉండేది. మామకు లేదు. "బతికి పోయినాడు గదా, చాలు" అనేవారు.

మా ఇంటాయన తండ్రి మీది పంతంతో రెండు రోజులు ఎముకలు అతికే పుత్తూరు కట్టుకు పోలేదు. పోయేసరికి ఆలస్యమైంది. చెయ్యి వంకరగానే అతుక్కుంది. తర్వాత మాకు ఆడపిల్ల పుట్టింది. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. "మీ మామను అడుగు, విత్తనాలు తెచ్చినాడా?" "మీ ఆయనకు చెప్పు, మోటకు తోలు మార్చల్ల." ఇద్దరూ ఎదురెదురుగానే కూర్చుని నాతో చెప్పేవారు. నేను ఆ మాటలు ఇటూ అటూ అందించి అలిసిపోయాను.

ఇరాక్‌లో రాజును చంపేశారని పేపర్లో వచ్చిన ఏడాది, మామ నా చేత ప్రతి వార్తా చదివించుకున్నారు. ఆ దేశంలో అరబ్బులూ కుర్దులూ భాగస్వాములని కొత్త ప్రభుత్వం రాసుకుందని చదివితే, ఇంకోసారి చదవమన్నారు. "రాసేది ముందు గూడా రాసినారు" అన్నారు. అయినా ఆ పేపరు మడిచి తలగడ కింద పెట్టుకున్నారు. ఈ ఏడు మా తిరుత్తణి మదరాసులో కలిసింది. ఆఫీసుల మీద బోర్డులు మారాయి. మా ఇంటాయన రెండు రోజులు తిరుత్తణి వైపే పోలేదు. మామ నాతోనే, కొడుక్కి వినపడేట్టుగా అన్నారు, "గీత జరిగింది, మన ఇల్లు జరగలా. పైరు పెట్టుకోవచ్చు. వాళ్ళకి ఇండ్లే లేకుండా పోయినాయి."

ఎండలు ముదిరాక ఆయనకు ఒక పక్క పడిపోయింది. పొద్దున్నే ఆయన్ను ఎత్తి వాకిట్లో ఎండకు కూర్చోబెట్టే పని మా ఇంటాయన తీసుకున్నారు. ఎవరూ చెప్పలేదు. బాగున్న చెయ్యి వీపు కింద వేసి, వంకర చెయ్యి మోకాళ్ళ కింద దూర్చి, రొమ్ముకు ఆనించుకుని మోసేవారు. అప్పుడూ మాటల్లేవు. చివరి ఉదయం నేను బడికి బయలుదేరుతూ చూశాను. కూర్చోబెట్టి లేవబోతున్న కొడుకు చెయ్యి మామ పట్టుకున్నారు. గొడ్డు కాలు తడిమి చూసినట్టు ఎముక వెంట వేళ్ళు నడిపి, వంపు దగ్గర ఆగారు.

"నొప్పుండాదా?" అన్నారు. మాట మెలికలు తిరిగి వచ్చింది.

మా ఇంటాయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "వానాకాలంలో" అన్నారు. "ఉండు నాయినా, గంజి తెస్తా."

ఆ తర్వాతి సంగతి మొదట్లోనే చెప్పాను.

ఆయన వల్ల నా ఇంట్లో ఒక చెయ్యి వంకరపోయింది. ఆయన వల్లే నా మొగుడి చేతికి ఒక మనిషి నెత్తురు అంటకుండా ఉంది. ఈ రెంటిలో ఒకటి వదిలేసి ఇంకొకటి గుర్తుపెట్టుకోవడం నాకు చేతకాదు. రెండూ కలిపే ఆయనకు దండం పెట్టుకుంటున్నాను.

మూడో నాడు అన్నదమ్ములిద్దరూ అస్థికలు తీసుకుని ఏటికి పోయారు. నేను పాపను ఎత్తుకుని వెనకే నడిచాను. ఈ కాలంలో కుశస్థలిలో పారే నీళ్ళు ఉండవు, అటు గట్టు నుంచి ఇటు గట్టు దాకా ఇసకే. ఇద్దరూ పంచెలు ఎగగట్టి నడి ఏట్లో చెలమ తవ్వారు. అన్న ఒక చేత్తో ఇసక లాగుతుంటే, తమ్ముడు తల పక్కకు తిప్పి ఒంటి కన్నుతో చూసుకుంటూ ఎత్తి అవతల పోశాడు. మోచేతి లోతున తడి తగిలింది. ఇంకా తవ్వితే నీళ్ళు ఊరాయి, బురద రంగులో. "కలుపుదామా?" అన్నాడు మరిది అస్థికల కుండ మీద చెయ్యి వేసి. "ఉండు రా, తేటపడనీ" అన్నారు మా ఇంటాయన. ఇద్దరూ చెలమకు చెరో పక్కా వేడి ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని, తలలు దగ్గర పెట్టి లోపలికి చూస్తున్నారు.